యూకేలో నర్సింగ్ చదువుతున్నారా? స్టూడెంట్ వీసా నుంచి వర్క్ వీసాకు మారడం ఎలా

నేను ఇంగ్లండ్‌లో వార్డు నర్సుని. ప్లేస్‌మెంట్ మీద (అంటే కోర్సులో భాగంగా ఆసుపత్రిలో చేసే శిక్షణకు) మా వార్డుకు వచ్చే విద్యార్థుల్లో తెలుగు పిల్లలు కనిపిస్తే, షిఫ్ట్ అయ్యాక టీ తాగుతూ మూడు విషయాలు అడుగుతాను. వీసా ఏ తేదీ దాకా ఉంది? పిన్ (నర్సుగా రిజిస్టరైన నంబరు) ఎప్పుడు వస్తుంది? ఎన్ని చోట్ల అప్లై చేశావు? ఆఖరి ఏడాది సగం దాటినా ఈ మూడింటికీ జవాబు ఉన్నవాళ్లు తక్కువ. "ముందు పాస్ కానీ అక్కా, తర్వాత చూసుకుంటా" అంటారు. డిగ్రీ కోర్సు అయిపోయాక స్టూడెంట్ వీసా మీద మామూలుగా మిగిలేది నాలుగు నెలలే. ఆ నాలుగు నెలల్లోనే రిజల్ట్ రావాలి, రిజిస్ట్రేషన్ పూర్తవ్వాలి, ఉద్యోగం ఖాయమవ్వాలి, ఆసుపత్రి స్పాన్సర్‌షిప్ ఇవ్వాలి, మీరు వీసాకు అప్లై చేయాలి. ఒకటి ఆలస్యమైతే దాని వెనకున్నవన్నీ ఆగిపోతాయి.

ఏ పని ఎప్పుడు చేయాలో వరసగా చెబుతాను. ఇందులో ఉన్న ఫీజులు, జీతాలు 2025 నాటివి. డబ్బు కట్టే రోజున ఇక్కడి ప్రభుత్వ సైట్ గవ్.యూకేలో మరోసారి చూసుకోండి. ఏప్రిల్‌లో ఫీజులు మారడం ఇక్కడ మామూలే.

మొదట తేల్చుకోవాల్సింది: మీ కోర్సుతో నర్సుగా రిజిస్టర్ కాగలరా?

ఇంకా ఇండియాలోనే ఉండి అడ్మిషన్ చూసుకుంటున్నవాళ్లు ఈ భాగాన్ని రెండుసార్లు చదవండి. యూకేలో నర్సుగా పని చేయాలంటే నర్సింగ్ అండ్ మిడ్‌వైఫరీ కౌన్సిల్‌లో పేరు ఉండాలి. దీన్నే అందరూ ఎన్‌ఎంసీ అంటారు (మన దేశంలో ఎన్‌ఎంసీ అంటే డాక్టర్లది, అది వేరు). రిజిస్టర్ అయ్యాక ఇచ్చే నంబరే పిన్. పిన్ లేని వాళ్లను రిజిస్టర్డ్ నర్సుగా పెట్టుకోవడానికి ఏ ఆసుపత్రికీ వీలుండదు.

కోర్సు పేరులో నర్సింగ్ అని ఉన్నంత మాత్రాన పిన్ రాదు. మూడేళ్ల బీఎస్సీ నర్సింగ్, వేరే డిగ్రీ చేసినవాళ్ల కోసం ఉండే రెండేళ్ల ప్రీ-రిజిస్ట్రేషన్ ఎంఎస్సీ, ఇవి ఎన్‌ఎంసీ ఆమోదం పొందిన కోర్సులు. మూడేళ్ల కోర్సులో 2,300 గంటల థియరీ, 2,300 గంటల ప్రాక్టీస్ ఉంటాయి. కోర్సు అయ్యాక యూనివర్సిటీయే మీ వివరాలను ఎన్‌ఎంసీకి పంపుతుంది. కానీ మన దగ్గర జీఎన్‌ఎం, బీఎస్సీ చేసినవాళ్లకు కన్సల్టెన్సీలు ఎక్కువగా చూపించేది ఒక ఏడాది ఎంఎస్సీ: అడ్వాన్స్‌డ్ నర్సింగ్, నర్సింగ్ స్టడీస్, హెల్త్‌కేర్ మేనేజ్‌మెంట్ లాంటివి. అవి మంచి చదువులే. కానీ వాటితో పిన్ రాదు. ఈ సంగతి హాస్టల్ గదిలో దిగాక తెలుసుకుని ఏడ్చిన అమ్మాయిలను చూశాను. అప్పటికే ఇంట్లో అప్పు చేసి ఫీజు కట్టేసి ఉంటారు.

కాబట్టి ఫీజు కట్టకముందే ఎన్‌ఎంసీ సైట్‌లో ఆమోదించిన కోర్సుల జాబితా తీసి, మీ యూనివర్సిటీ పేరు, కోర్సు పేరు రెండూ ఉన్నాయో లేదో మీ కళ్లతో చూసుకోండి. కన్సల్టెన్సీ వాళ్లు చూపించే బ్రోచర్‌ని నమ్ముకోవద్దు.

ఇప్పటికే ఒక ఏడాది ఎంఎస్సీలో చేరిపోయి, ఇండియాలో రిజిస్టర్డ్ నర్సు అయి ఉంటే మీ దారి వేరు, కానీ దారి ఉంది. విదేశాల్లో చదివిన నర్సుగా ఎన్‌ఎంసీకి అప్లై చేయాలి. ఇంగ్లిష్‌కు ఐఈఎల్‌టీఎస్ అకడమిక్‌లో రీడింగ్, లిజనింగ్, స్పీకింగ్ మూడింటిలో 7, రైటింగ్‌లో 6.5 రావాలి. ఓఈటీ (ఆరోగ్య రంగం వాళ్లకు పెట్టే ఇంగ్లిష్ పరీక్ష) అయితే ఆ మూడింటిలో బి, రైటింగ్‌లో సి ప్లస్. తర్వాత రెండు పరీక్షలు. సీబీటీ కంప్యూటర్ మీద రాసేది, ఫీజు 83 పౌండ్లు. ఓఎస్‌సీఈ చేసి చూపించేది, అందులో 10 స్టేషన్లు ఉంటాయి, ఫీజు 794 పౌండ్లు. మీ రాష్ట్ర నర్సింగ్ కౌన్సిల్ నుంచి వెరిఫికేషన్ కూడా ఎన్‌ఎంసీకి చేరాలి. అన్నిటికంటే ముందు కదిలించాల్సిన కాగితం ఇదే. ఆంధ్రప్రదేశ్‌లో రిజిస్టర్ అయి తర్వాత తెలంగాణకు మార్చుకున్నవాళ్లు ఉంటారు. అలాంటివాళ్లు ఇప్పుడు ఏ కౌన్సిల్‌లో రిజిస్ట్రేషన్ అమల్లో ఉందో, రెన్యూవల్ అయిందో లేదో మొదటి సెమిస్టర్‌లోనే చూసుకోండి. ఎంఎస్సీ అయ్యాక మొదలుపెడితే వీసా గడువు సరిపోదు.

ఇక్కడి నుంచి చెప్పేది ముఖ్యంగా ఎన్‌ఎంసీ ఆమోదించిన కోర్సు చదివేవాళ్ల కోసం. ఉద్యోగం, వీసా మెట్లు మాత్రం ఇద్దరికీ ఒకటే.

వరస గుర్తుంచుకోండి

కోర్సు, పిన్, ఉద్యోగం, సీఓఎస్, వీసా. సీఓఎస్ అంటే సర్టిఫికెట్ ఆఫ్ స్పాన్సర్‌షిప్. పేరుకు సర్టిఫికెట్ గానీ చేతికిచ్చే కాగితం ఏమీ ఉండదు. మీ యజమాని హోం ఆఫీస్ (వీసాలు చూసే ప్రభుత్వ శాఖ) సిస్టమ్‌లో నమోదు చేసే ఒక రికార్డు, దానికో రెఫరెన్స్ నంబర్ ఉంటుంది. ఆ నంబర్‌తో మీరు హెల్త్ అండ్ కేర్ వర్కర్ వీసాకు అప్లై చేస్తారు. స్పాన్సర్‌షిప్ ఇచ్చేది ఉద్యోగం ఇచ్చే సంస్థ ఒక్కటే. యూనివర్సిటీ ఇవ్వదు, ఏజెంట్ ఇవ్వలేడు.

ఉద్యోగ వేట మాత్రం పిన్ వచ్చేదాకా ఆగనక్కర్లేదు. "పిన్ వచ్చాక చేరాలి" అన్న షరతుతో ఆఖరి ఏడాది విద్యార్థులకు ఆఫర్లు ఇస్తారు. కోర్సు అయిపోయే తేదీకి ఎనిమిది, తొమ్మిది నెలల ముందే అప్లికేషన్లు మొదలుపెట్టమని నేను చెబుతాను.

చదువుతున్నన్నాళ్లూ స్టూడెంట్ వీసాను శుభ్రంగా ఉంచుకోండి

డిగ్రీ స్థాయి విద్యార్థులు టర్మ్ సమయంలో వారానికి 20 గంటలకు మించి పని చేయకూడదు. హోం ఆఫీస్ లెక్కలో వారం అంటే సోమవారం నుంచి ఆదివారం వరకు. ఆదివారం రాత్రి నైట్ షిఫ్ట్ చేస్తే అర్ధరాత్రి తర్వాతి గంటలు మరుసటి వారంలో పడతాయి. అందరూ తడబడేది ఇక్కడే. నాలుగు వారాలకు సగటు 20 వస్తే చాలు అన్న లెక్క ఇక్కడ నడవదు. ఒక్క వారం 24 చేసినా తప్పే.

కోర్సులో భాగమైన ప్లేస్‌మెంట్ గంటలు ఈ 20లోకి రావు. కానీ అదే ఆసుపత్రిలో బ్యాంక్ మీద (అంటే అవసరమైనప్పుడు పిలిచే తాత్కాలిక సిబ్బందిగా) హెల్త్‌కేర్ అసిస్టెంట్‌గా చేసే షిఫ్టులు వస్తాయి. ఇంకో చిక్కు ఏమిటంటే, వేరే కోర్సుల వాళ్లకు వేసవి సెలవులున్నప్పుడు నర్సింగ్ వాళ్లకు ప్లేస్‌మెంట్ నడుస్తుంటుంది. మీ రూమ్మేట్ ఎంబీఏ అయితే ఆమె సెలవులు మీ సెలవులు కావు. మీ కోర్సు టర్మ్ తేదీలను యూనివర్సిటీ నుంచి మెయిల్‌లో తెప్పించుకుని దాచుకోండి. పేస్లిప్పులు కూడా దాచండి.

ఇదంతా ఎందుకంటే, రేపు వర్క్ వీసా అప్లికేషన్ వేసినప్పుడు పాత వీసా నిబంధనలు పాటించారా లేదా అని చూస్తారు. వారానికి నాలుగు గంటల కూలి కోసం మూడేళ్ల చదువును పణంగా పెట్టకండి.

పేర్లు సరిచూసుకోండి

మన తెలుగువాళ్లకు ప్రత్యేకంగా వచ్చే తలనొప్పి ఇది. పదో తరగతి మెమోలో ఇంటిపేరు ముందు, పేరు వెనక. పాస్‌పోర్టులో కొందరికి ఇంటిపేరు సర్‌నేమ్ గడిలో ఉంటుంది, కొందరికి ఆ గడి ఖాళీగానే ఉంటుంది. యూనివర్సిటీ రికార్డులో ఇనీషియల్ మాత్రమే ఎక్కుతుంది. పెళ్లయ్యాక పాస్‌పోర్టులో భర్త ఇంటిపేరు చేరుతుంది. ఎన్‌ఎంసీ రిజిస్టర్, యూనివర్సిటీ రికార్డు, పాస్‌పోర్టు, ఈ-వీసా, రేపు వచ్చే సీఓఎస్ అన్నిటిలోనూ పేరు ఒకేలా ఉండాలి. పాస్‌పోర్టునే ప్రమాణంగా పెట్టుకుని మిగతావి దానికి తగ్గట్టు మార్పించుకోండి. రెండో ఏడాదిలో చేయిస్తే ఒక మెయిల్‌తో పోయే పని ఇది. సీఓఎస్ వచ్చాక బయటపడితే నిద్ర పట్టదు. పాస్‌పోర్టు గడువు కూడా చూసుకోండి. ఆఖరి ఏడాదిలో ముగిసిపోయేలా ఉంటే ముందే రెన్యూ చేయించి, కొత్త నంబరును మీ యూకేవీఐ అకౌంట్‌లో (ఈ-వీసా ఉండే ఆన్‌లైన్ అకౌంట్) ఎక్కించండి.

ఉద్యోగం వెతకడం

ఇక్కడి ప్రభుత్వ ఆరోగ్య సేవను ఎన్‌హెచ్‌ఎస్ అంటారు. ఇంగ్లండ్, వేల్స్ ఉద్యోగాలకు ఎన్‌హెచ్‌ఎస్ జాబ్స్, ట్రాక్ జాబ్స్ సైట్లు చూడండి. స్కాట్లండ్‌కు, ఉత్తర ఐర్లండ్‌కు వేరే సైట్లున్నాయి. మీరు వెతకాల్సింది బ్యాండ్ 5 (ఎన్‌హెచ్‌ఎస్ జీతాల మెట్టు) స్టాఫ్ నర్సు పోస్టులు. ప్రకటనలో న్యూలీ క్వాలిఫైడ్ అనో, ప్రిసెప్టర్‌షిప్ అనో ఉంటే అవి కొత్తగా పాసైనవాళ్ల కోసమే. ఇంగ్లండ్‌లో 2025-26కు బ్యాండ్ 5 మొదటి జీతం ఏడాదికి 31,049 పౌండ్లు. హెల్త్ అండ్ కేర్ వర్కర్ వీసాకు కావాల్సిన కనీస జీతం 2025 ఏప్రిల్ 9 నుంచి 25,000 పౌండ్లు. కాబట్టి ఫుల్‌టైమ్ బ్యాండ్ 5 పోస్టుకు జీతం దగ్గర ఇబ్బంది రాదు. పార్ట్‌టైమ్ పోస్టు అయితే చేతికొచ్చే అసలు జీతం ఆ గీత కిందికి దిగిపోవచ్చు, జాగ్రత్త.

ప్రతి ప్రకటనలో కింద సర్టిఫికెట్ ఆఫ్ స్పాన్సర్‌షిప్ అనే చిన్న భాగం ఉంటుంది. స్పాన్సర్‌షిప్ అవసరమైనవారి దరఖాస్తులనూ మిగతావాటితో పాటు పరిశీలిస్తామని అక్కడ రాసి ఉంటే ముందుకు వెళ్లండి. ఇవ్వలేమని ఉంటే ఆ పూట సమయం వేరే ప్రకటన మీద పెట్టండి. ఏమీ రాయకపోతే అందులో ఇచ్చిన మేనేజర్‌కు రెండు లైన్ల మెయిల్ పెట్టండి. "ఫలానా నెలలో పిన్ వస్తుంది, స్టూడెంట్ వీసా ఫలానా తేదీ దాకా ఉంది, ఈ పోస్టుకు స్పాన్సర్ చేయగలరా" అని అడగడం తప్పేమీ కాదు. దరఖాస్తు ఫారంలో పని చేసే హక్కు గురించిన ప్రశ్నకు ఉన్నది ఉన్నట్టు రాయండి. ఇంటర్వ్యూ అయ్యాక చెబుదాంలే అని దాచినవాళ్లకు ఆఫర్ వచ్చాక రద్దవడం చూశాను.

ఆ సంస్థకు లైసెన్స్ ఉందో లేదో మీరే చూడొచ్చు. లైసెన్స్ ఉన్న స్పాన్సర్ల జాబితాను హోం ఆఫీస్ గవ్.యూకేలో పెడుతుంది, ఎవరైనా దింపుకోవచ్చు. అందులో సంస్థ పేరు ఎదురుగా స్కిల్డ్ వర్కర్ అన్న రూట్ (హెల్త్ అండ్ కేర్ వర్కర్ వీసా దీని కిందిదే), 'A' రేటింగ్ రెండూ ఉండాలి. ప్రకటనలో ఆసుపత్రి పేరు ఉన్నా జాబితాలో ఆ ఆసుపత్రిని నడిపే ఎన్‌హెచ్‌ఎస్ ట్రస్ట్ పేరు ఉంటుంది, దాంతోనే వెతకండి.

పోటీ గురించి ఉన్నమాట చెప్పాలి. 2025లో కొత్తగా పాసైన ఇక్కడి విద్యార్థులకే ఉద్యోగాలు దొరకడం కష్టమైంది. ఆ పరిస్థితి చూసి ఆ ఏడాది ఆగస్టులో ప్రభుత్వం ఇంగ్లండ్‌లో నర్సింగ్, మిడ్‌వైఫరీ గ్రాడ్యుయేట్ల కోసం గ్రాడ్యుయేట్ గ్యారంటీ అనే పథకం ప్రకటించింది. కాబట్టి లండన్, బర్మింగ్‌హామ్, మన తెలుగువాళ్లు ఎక్కువగా ఉన్న ఊరు అని గిరి గీసుకోకండి. తీరప్రాంత పట్టణాలు, చిన్న జిల్లా ఆసుపత్రులు కూడా చూడండి. వృద్ధుల వార్డులు, మెంటల్ హెల్త్, కమ్యూనిటీ నర్సింగ్ అంటే ముఖం తిప్పుకోకండి. నేను మొదలుపెట్టింది వృద్ధుల వార్డులోనే. మందులు, గాయాలు, డిశ్చార్జి ప్లానింగ్, కుటుంబాలతో మాట్లాడటం అన్నీ అక్కడే నేర్చుకున్నాను. ప్రైవేట్ నర్సింగ్ హోంలు కూడా రిజిస్టర్డ్ నర్సులను స్పాన్సర్ చేస్తాయి.

అన్నిటికంటే దగ్గరి దారి మీ ప్లేస్‌మెంట్ వార్డే. మీ పని చూసినవాళ్లు అక్కడ ఉన్నారు. ఆఖరి ప్లేస్‌మెంట్‌లో చేరిన రెండో వారంలో వార్డు మేనేజర్‌ని ఒక అయిదు నిమిషాలు అడిగి, "ఈ వార్డులో పని చేయాలని ఉంది, ఖాళీలు ఎప్పుడు వస్తాయి?" అని మాట్లాడండి. మన పిల్లలు పని బాగా చేస్తారు గానీ నోరు తెరిచి అడగరు. అడగండి.

హెల్త్‌కేర్ అసిస్టెంట్, కేర్ వర్కర్ ఉద్యోగం మీద స్పాన్సర్‌షిప్ తెచ్చుకుందాం అన్న ఆలోచన మాత్రం వదిలేయండి. 2025 జులై 22 నుంచి స్కిల్డ్ వర్కర్ స్పాన్సర్‌షిప్ మామూలుగా డిగ్రీ స్థాయి ఉద్యోగాలకే ఇస్తున్నారు, విదేశాల నుంచి కేర్ వర్కర్లను తీసుకోవడం ఆ రోజుతో ఆగింది. రిజిస్టర్డ్ నర్సు ఉద్యోగం డిగ్రీ స్థాయిదే కాబట్టి మీ దారి తెరిచే ఉంది.

దరఖాస్తు, ఇంటర్వ్యూ

ప్రకటనతో పాటు పర్సన్ స్పెసిఫికేషన్ అనే పట్టిక ఉంటుంది. అందులో తప్పనిసరి అని ఇచ్చిన ప్రతి అంశానికీ మీ సపోర్టింగ్ ఇన్ఫర్మేషన్‌లో ఒక ఉదాహరణ ఉండాలి. షార్ట్‌లిస్ట్ చేసేవాళ్లు ఆ పట్టిక పక్కన పెట్టుకుని మార్కులు వేస్తారు. ఒకే వ్యాసం యాభై చోట్లకు పంపితే యాభై చోట్లా తిరిగొస్తుంది.

ఇంటర్వ్యూలో క్లినికల్ సన్నివేశాలు ఇస్తారు: న్యూస్-2 స్కోరు (పేషెంట్ పరిస్థితి ఎంత దిగజారుతోందో చెప్పే అంకె) పెరుగుతున్న పేషెంట్, సెప్సిస్ అనుమానం, మందు ఇవ్వడంలో పొరపాటు, సేఫ్‌గార్డింగ్ (బలహీనులను హింస, నిర్లక్ష్యం నుంచి కాపాడటం). ఎవరికి, ఏ క్రమంలో చెబుతారో ఎస్‌బీఏఆర్ పద్ధతిలో (పరిస్థితి, నేపథ్యం, అంచనా, సూచన అన్న వరసలో) చెప్పండి. కొన్ని చోట్ల డ్రగ్ కాలిక్యులేషన్ పరీక్ష కూడా పెడతారు. పొరపాటు జరిగితే పేషెంట్‌కు దాచకుండా చెప్పడం ఇక్కడ చట్టపరమైన బాధ్యత, ఆ మాట మీ నోట వాళ్లు వినాలి. ఇంకో సంగతి: మనవాళ్లు వినయం కొద్దీ ప్రతిదీ "మేము చేశాం" అంటారు. వినేవాళ్లకు మీరేం చేశారో తెలియదు. "నేను గమనించాను, నేను డాక్టర్‌ని పిలిచాను" అని చెప్పండి. అది గొప్పలు చెప్పుకోవడం కాదు.

ఆఫర్ వచ్చిన రోజున

సంబరం చేసుకోండి, ఇంటికి ఫోన్ చేయండి. మర్నాడే రిక్రూట్‌మెంట్ టీమ్‌కు ఒక మెయిల్ పంపండి. అందులో వీసా ముగిసే తేదీ, కోర్సు పూర్తయ్యే తేదీ, పిన్ వస్తుందనుకునే తేదీ, సీఓఎస్ ఎప్పటికల్లా కావాలో రాయండి. డీబీఎస్ (నేరచరిత్ర తనిఖీ), రెఫరెన్సులు, ఆక్యుపేషనల్ హెల్త్ తనిఖీలకు వారాలు పడతాయి. టీకాల రికార్డు, హెపటైటిస్-బి రక్తపరీక్ష రిపోర్టు దగ్గర పెట్టుకుంటే మీ వైపు నుంచి ఆలస్యం ఉండదు.

యజమానికి తెలియని ఒక లాభం మీరే చెప్పొచ్చు. విదేశీ ఉద్యోగిని స్పాన్సర్ చేస్తే యజమాని ఇమిగ్రేషన్ స్కిల్స్ చార్జ్ అనే సొమ్ము కట్టాలి. ఇక్కడే స్టూడెంట్ వీసా మీద ఉండి నేరుగా ఈ వీసాకు మారేవారి విషయంలో ఆ చార్జ్ కట్టనక్కర్లేదు. పెద్ద ట్రస్టుల వాళ్లకు ఇది తెలిసే ఉంటుంది. చిన్న నర్సింగ్ హోం మేనేజర్‌కు చెబితే ఆలోచన మారవచ్చు.

ఈలోగా ఎన్‌ఎంసీ పని కదిలించండి. యూనివర్సిటీ మీ కోర్సు పూర్తయినట్టు, ఆరోగ్యం, నడవడిక బాగున్నట్టు ధ్రువీకరణ పంపాక ఎన్‌ఎంసీ నుంచి మెయిల్ వస్తుంది. అకౌంట్ తెరిచి దరఖాస్తు, ఫీజు పూర్తి చేస్తే పిన్ వస్తుంది. ప్రాక్టీస్ గంటలు తక్కువ పడినా, ఒక అసైన్‌మెంట్ మళ్లీ రాయాల్సి వచ్చినా ఇదంతా వెనక్కి జరుగుతుంది. అందుకే గంటల లెక్కను ప్రతి ప్లేస్‌మెంట్ చివర సరిచూసుకోండి. జ్వరం వచ్చి మానేసిన రెండు షిఫ్టులు ఆఖర్లో నెల రోజులు తినేసిన సందర్భాలున్నాయి.

సీఓఎస్ వచ్చాక

రెఫరెన్స్ నంబర్ ఒక్కటే తీసుకుని ఊరుకోవద్దు. మొత్తం వివరాల పీడీఎఫ్ అడగండి. పేరు, పుట్టిన తేదీ, పాస్‌పోర్టు నంబరు, చేరే తేదీ, జీతం, వారానికి గంటలు, పని చేసే చోటు చూడండి. ఉద్యోగ కోడ్ కూడా చూడండి. మెంటల్ హెల్త్ నర్సుకు 2235, పిల్లల నర్సుకు 2236, మామూలు వార్డు నర్సుకు 2237. తప్పు కనిపిస్తే అప్లై చేయకముందే హెచ్‌ఆర్ చేత సరిచేయించండి.

చేరే తేదీ మీ కోర్సు పూర్తయ్యే తేదీ కంటే ముందు ఉండకూడదు. స్టూడెంట్ వీసా నుంచి మారేవారికి 2023 జులై నుంచి ఉన్న నియమం ఇది. సీఓఎస్ ఇచ్చిన రోజు నుంచి మూడు నెలల్లోపు వాడాలి. ఉద్యోగంలో చేరే తేదీకి మూడు నెలల ముందు వరకే అప్లికేషన్ వేయడానికి వీలుంటుంది.

అప్లికేషన్ ఆన్‌లైన్‌లోనే. గుర్తింపు తనిఖీ కొందరికి ఫోన్ యాప్‌లోనే అయిపోతుంది. 2025 ఏప్రిల్ నుంచి ఫీజు మూడేళ్ల వరకు 304 పౌండ్లు, అంతకంటే ఎక్కువ కాలానికి 590 పౌండ్లు. ఈ వీసాకు హెల్త్ సర్‌చార్జ్ (ఎన్‌హెచ్‌ఎస్ వైద్యం కోసం వీసాతో పాటు కట్టించుకునే సొమ్ము) లేదు. 12 నెలలకు పైగా యూకేలో చట్టబద్ధంగా ఉన్నవాళ్లు బ్యాంకులో డబ్బు చూపించనక్కర్లేదు. ఇక్కడి నుంచే మారేవాళ్లకు టీబీ పరీక్ష కూడా అక్కర్లేదు.

ఇక్కడి నుంచి వేసిన అప్లికేషన్‌కు నిర్ణయం రావడానికి మామూలుగా ఎనిమిది వారాల వరకు పడుతుంది. పాత వీసా ముగియకముందు అప్లై చేస్తే నిర్ణయం వచ్చేదాకా మీ పాత హక్కులు కొనసాగుతాయి. ఆ మధ్యలో యూకే దాటి వెళ్లొద్దు. చెల్లి పెళ్లి అని విమానం ఎక్కితే అప్లికేషన్ వెనక్కి తీసుకున్నట్టే లెక్క. ఇంట్లోవాళ్లకు ఈ విషయం ముందే చెప్పి ముహూర్తాలు దానికి తగ్గట్టు చూసుకోమనండి. వీసా రాకముందే ఫుల్‌టైమ్ పోస్టులో చేరమని మేనేజర్ అడిగితే, మీ పరిస్థితికి అది కుదురుతుందో లేదో యూనివర్సిటీ ఇంటర్నేషనల్ ఆఫీసును మెయిల్‌లో అడిగి, వాళ్ల జవాబు చూశాకే ఊ అనండి.

సమయం సరిపోకపోతే గ్రాడ్యుయేట్ వీసా

స్టూడెంట్ వీసా ముగిసే నాటికి స్పాన్సర్ దొరక్కపోతే టెన్షన్ పడి ఎవరి చేతిలోనో పడొద్దు. గ్రాడ్యుయేట్ వీసా ఉంది. దానికి స్పాన్సర్ అక్కర్లేదు, నర్సుగా కూడా పని చేయొచ్చు. 2026 డిసెంబర్ 31 వరకు అప్లై చేసే డిగ్రీ, పీజీ వాళ్లకు రెండేళ్లు ఇస్తారు. 2027 జనవరి 1 నుంచి అప్లై చేసేవాళ్లకు 18 నెలలే. కోర్సు పాసైనట్టు యూనివర్సిటీ హోం ఆఫీస్‌కు తెలిపాక, స్టూడెంట్ వీసా బతికి ఉండగానే, యూకేలో ఉండి అప్లై చేయాలి.

ఖర్చు మాత్రం బరువే. ఫీజు 880 పౌండ్లు, హెల్త్ సర్‌చార్జ్ ఏడాదికి 1,035 చొప్పున రెండేళ్లకు 2,070. మొత్తం 2,950 పౌండ్లు. శాశ్వత నివాసం లెక్కలో ఈ కాలం కలవదు. మళ్లీ స్పాన్సర్ వీసాకు మారేటప్పుడు యజమానికి ఇందాక చెప్పిన చార్జ్ మినహాయింపు కూడా పోతుంది. అందుకే నేరుగా మారగలిగితే నేరుగా మారమనే చెబుతాను. గ్రాడ్యుయేట్ వీసా మీద ఉద్యోగంలో చేరితే మొదటి రోజే, "ఇది ముగిసేలోపు స్పాన్సర్ చేస్తారా?" అని అడిగి రాతలో తీసుకోండి.

స్పాన్సర్‌షిప్ కోసం ఎవరికీ డబ్బు కట్టకండి

సీఓఎస్ ఫీజు 525 పౌండ్లు. అది యజమాని కట్టాలి. స్పాన్సర్ లైసెన్స్ ఫీజు, సీఓఎస్ ఫీజు ఉద్యోగి మీద వేయకూడదని 2024 డిసెంబర్ 31 నుంచి నియమం ఉంది. స్కిల్స్ చార్జ్ కూడా అంతే. అయినా వాట్సాప్‌లో "సీఓఎస్ ఉంది, ఇన్ని లక్షలు" అని మెసేజ్‌లు తిరుగుతూనే ఉంటాయి. నాకు తెలిసిన ఒక అమ్మాయి తండ్రి పొలం తాకట్టు పెట్టి అలా కట్టాడు. ఆమెకు సీఓఎస్ నంబర్ వచ్చింది, వీసా కూడా వచ్చింది, ఉద్యోగం మాత్రం లేదు. కొన్నాళ్లకు ఆ సంస్థ లైసెన్స్ రద్దయింది. అలా రద్దయితే మామూలుగా 60 రోజులు ఇస్తారు. ఆ లోపు కొత్త స్పాన్సర్ దొరకాలి, లేదా వెళ్లిపోవాలి. ఆ తండ్రి ఫోన్‌లో నాతో మాట్లాడిన తీరు నేనింకా మర్చిపోలేదు.

అసలైన ఎన్‌హెచ్‌ఎస్ ఉద్యోగానికి దరఖాస్తు ఫీజు ఉండదు, ఇంటర్వ్యూ ఫీజు ఉండదు. కాంట్రాక్టులో "ఫలానా కాలంలోపు మానేస్తే ఖర్చులు తిరిగి కట్టాలి" అన్న షరతు ఉంటే సంతకానికి ముందు అంకె ఎంతో, నెలలు గడిచేకొద్దీ తగ్గుతుందో లేదో అడగండి. విద్యార్థిగా ఉన్నప్పుడే ఆర్‌సీఎన్ (నర్సుల యూనియన్) లేదా యూనిసన్ యూనియన్‌లో చేరండి. కాంట్రాక్టు అర్థం కాకపోతే అడగడానికి ఒక మనిషి ఉంటారు.

వీసా వచ్చాక

స్టూడెంట్ వీసా మీద భార్యనో భర్తనో తెచ్చుకోలేకపోయినవాళ్లు (2024 జనవరి నుంచి చాలా కోర్సులకు అది ఆగింది) నర్సుగా ఈ వీసా వచ్చాక భాగస్వామిని, పిల్లలను తెచ్చుకోవచ్చు. వాళ్లకూ హెల్త్ సర్‌చార్జ్ లేదు. శాశ్వత నివాసానికి ఇన్నాళ్లూ ఉన్న అయిదేళ్ల లెక్కను మామూలుగా పదేళ్లు చేయాలని 2025 మే నాటి వైట్ పేపర్‌లో ప్రభుత్వం ప్రతిపాదించింది. కాబట్టి "అయిదేళ్లకు పీఆర్ ఖాయం" అని ఇంట్లో మాట ఇవ్వకండి, ఇల్లు కొనే లెక్కలు దాని మీద కట్టకండి.

ఈ వీసా మీ యజమానికి, ఆ ఉద్యోగానికి ముడిపడి ఉంటుంది. వేరే ట్రస్టుకు మారాలంటే కొత్త సీఓఎస్, కొత్త అప్లికేషన్, అది మంజూరయ్యాకే అక్కడ చేరాలి. ఉద్యోగంలో చేరిన వారంలోనే ఈ-వీసా తెరిచి, ముగిసే తేదీకి ఆరు నెలల ముందు రోజున ఫోన్‌లో రిమైండర్ పెట్టుకోండి. పొడిగింపుకు మళ్లీ సీఓఎస్ కావాలి. మీ తేదీని మేనేజర్ గుర్తుంచుకోరు, ఆ మెయిల్ మీరే పంపాలి.